ట్రంకు పెట్టె మీది నంబరు

మన చిత్తూరు పల్లెల్లో ఒకప్పుడు "మిలిట్రీ ఆయన ఇల్లు యాడ?" అని అడిగితే పసిబిడ్డ కూడా చెయ్యి చూపించేది. పాకాల జంక్షన్లో మీటరుగేజి రైలు దిగి, బస్సుంటే బస్సు, లేకుంటే కాలినడకన ఊరికి చేరేవాడాయన. వెనకాల ఎవరో ఒకరి తలమీద నల్లరంగు ట్రంకు పెట్టె, భుజాన చుట్టిన హోల్డాలు. పిల్లకాయలు గుంపుగా వెంటబడేవాళ్లు. పెట్టె మూతమీద తెల్లరంగుతో ఒక నంబరు, దాని కింద ర్యాంకు, పేరు రాసి ఉండేవి. సెలవు అయిపోయినాక ఆ పెట్టే మళ్లీ రైలెక్కేది. ఆయన రిటైరై వచ్చినరోజు మాత్రం పెట్టె ఇంట్లోనే ఉండిపోయింది.

ఇప్పుడు ఆ ఇంట్లో అవ్వ ఒక్కతే. పెట్టె నులకమంచం కింద ఉంటుంది. పైన రాగులమూట, లోపల పాత చీరలు, పెళ్లినాటి ఇత్తడి చెంబు. నంబరులో రెండంకెలు తుప్పులో కలిసిపోయుంటాయి. అవ్వకు రావలసిన పించనంతా ఆ నంబరు మీదే నిలబడి ఉందని ఊళ్లో చాలామందికి తెలీదు, అవ్వకు అసలే తెలీదు. "ఆయప్ప పొయ్యి ముప్పై ఏండ్లాయె నాయినా, ఇంగ ఇస్తారా?" అని అడుగుతుంది.

ఇస్తారవ్వా. కుటుంబ పించను హక్కుకు గడువంటూ లేదు. పించను నెలనెలా రావలసిన సొమ్ము కాబట్టి, రాని ప్రతినెలా కొత్తగా జరిగిన అన్యాయమే అవుతుంది. అయితే ముప్పై ఏళ్ల బకాయి మొత్తం ఒక్కసారి చేతికి వస్తుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. సుప్రీంకోర్టు 2008లో తర్సేంసింగ్ కేసులో ఇలాంటి పించను వివాదాలకు ఒక హద్దు గీసింది. కోర్టుకు ఎంత ఆలస్యంగా వెళ్లినా హక్కు పోదు, బకాయిలు మాత్రం కేసు వేసిన నాటికి వెనక్కి మూడేళ్ల దాకానే. సైనిక ట్రిబ్యునళ్లు ఈ తీర్పునే పట్టుకుని నడుస్తాయి. అందుకే రేపు పోదాం, ఎల్లుండి పోదాం అని సంక్రాంతి నుంచి గంగజాతర దాకా వాయిదా వేసే ప్రతినెలా అవ్వ కొంగులోంచి జారిపోయిన నెలే.

ముందు పెట్టె తెరవాలి. వెతకాల్సింది డిశ్చార్జి బుక్కు, అంటే సర్వీసు నుంచి బయటికి వచ్చేటప్పుడు సైన్యం ఇచ్చిన పుస్తకం. అరచేతికి కాస్త పెద్దదిగా, అంచులు నలిగి, చాలా ఇళ్లల్లో పసుపుగుడ్డలో చుట్టి ఉంటుంది. దాన్ని చదవడం తెలిసుండాలి. మొదట నంబరు. అంకెల చివర ఒక ఇంగ్లీషు అక్షరం కూడా ఉంటుంది. అది నంబరును సరిచూసుకోవడానికి పెట్టిన అక్షరం. అర్జీల్లో దాన్ని వదిలేస్తే, ఒక అంకె అటూ ఇటూ అయినప్పుడు ఆ కాగితం ఎవరిదో తేల్చుకోలేక, ఆయన దళం సర్వీసు కాగితాలు ఉంచే రికార్డు ఆఫీసు తిప్పి పంపేస్తుంది. తర్వాత ర్యాంకు. సాపర్, గన్నర్, సిగ్నల్‌మన్, క్రాఫ్ట్స్‌మన్, ఇవన్నీ సిపాయి ర్యాంకుకే ఒక్కో దళంలో ఉన్న పేర్లు. అది ఇంటిపేరేమో అనుకుని "గన్నర్" అనే మాటను పేరులో కలిపి మరణ ధృవీకరణ పత్రం తీసుకున్న ఇళ్లున్నాయి. 1965కి ముందు రిటైరైన ఆయన పుస్తకంలో జమేదారు అని ఉంటే, ఈనాటి లెక్కలో ఆయన నాయబ్ సుబేదారు.

ఆ తర్వాత చూడవలసింది సర్వీసు. ఇక్కడే చాలా కేసులు తేలిపోతాయి. కలర్ సర్వీసు (యూనిట్లో ఉండి పనిచేసిన కాలం) ఎంత, రిజర్వు సర్వీసు (ఇంటికి పంపి, అవసరమైతే పిలుస్తామని ఉంచిన కాలం) ఎంత అని వేరువేరుగా రాసి ఉంటుంది. జవానుకు సర్వీసు పించను రావాలంటే 15 ఏళ్లు నిండాలి. కలర్, రిజర్వు రెండూ కలిపి 15 ఏళ్లు అయినవాళ్లకు రిజర్విస్టు పించను ఉంది. "మా ఆయన ఏడేండ్లే చేసినాడు" అని అవ్వ చెప్పినా, ఆ ఏడేళ్ల కింద రిజర్వు అని ఇంకో ఎనిమిదేళ్లు ఉండొచ్చు. ఆ గీత చదవకుండానే "పించను లేదు పోవ్వా" అని పంపించినవాళ్లు కొందరున్నారు. 14 ఏళ్లు దాటి 15కు చేరకముందే బయటికి వచ్చినవాళ్ల సంగతి వేరు. ఏడాది లోపు తక్కువుంటే ఆ లోటును మాఫీ చెయ్యొచ్చని 2001 ఆగస్టులో రక్షణశాఖ ఉత్తర్వు ఇచ్చింది. అంతకుముందు ఆరు నెలల దాకానే ఆ వీలుండేది. తనంతట తాను కోరుకుని వచ్చేశాడని రాసి ఉంటే రికార్డు ఆఫీసు ఒప్పుకోదు. అప్పుడు ట్రిబ్యునలే దారి. మనకు చెన్నై బెంచి.

పుస్తకంలో డిశ్చార్జికి కారణం అని ఒక పంక్తి ఉంటుంది. "సర్వీసు నిబంధనలు పూర్తిచేసినందువల్ల" అని ఒకరికి, "వైద్య కారణాలవల్ల" అని ఇంకొకరికి. ఈ రెండో మాట కనబడితే ఆగి, నిదానంగా చూడాలి. జబ్బుతోనో దెబ్బతోనో ఇంటికి పంపించిన ఆయనకు వికలాంగ పించను రావలసి ఉండిందేమో, దాని కాగితాలు ఏమైనాయో తేల్చుకోవాలి.

పుస్తకమే దొరక్కపోతే? పెంకుటిల్లు కారి తడిసిపోయి ఉంటుంది. చెదలు తినేసి ఉంటుంది. పించను తెప్పిస్తానని ఎవరో తీసుకుపోయి తిరిగి ఇచ్చి ఉండరు. అప్పుడు ఉత్తరాలు వెతకండి. ఆ రోజుల్లో సిపాయికి రాసే ఇన్‌లాండు మీద ఊరి పేరుండేది కాదు. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, చివర కేరాఫ్ 56 ఏపీఓ అనో 99 ఏపీఓ (సైన్యం పోస్టాఫీసు) అనో ఉండేది, అంతే. అవ్వకు చదువు రాదు కాబట్టి ఆ అడ్రసు ఎవరో అయ్యవారు రాసిపెట్టిన చీటీ సుబ్బారాయుడి పటం వెనకాల దొరుకుతుంది. మనీఆర్డరు ముక్కలు, గ్రూపు ఫోటో వెనక రాసిన రాతలు, కడకు గ్లాసు అడుగున చెక్కిన అంకెలు కూడా నంబరు దొరికే చోట్లే. సిపాయి తన సామాన్లన్నిటిమీదా నంబరు వేసుకునేవాడు, పళ్లెం గ్లాసులతో సహా.

నంబరు చూస్తే ఏ రికార్డు ఆఫీసుకు రాయాలో తెలుస్తుంది. ఏడంకెల నంబరు 13తో మొదలైతే మామూలుగా మద్రాసు సాపర్లు (ఇంజనీరింగు దళం), అంటే బెంగుళూరు. 25తో మొదలైతే మద్రాసు రెజిమెంటు, నీలగిరిలోని వెల్లింగ్టన్. గన్నర్లకు (ఫిరంగి దళం) నాసిక్ రోడ్డు క్యాంపు, సిగ్నల్సుకు జబల్పూరు, ఈఎంఈకి (ఎలక్ట్రికల్, మెకానికల్ దళం), ఆర్డ్‌నెన్సుకు (ఆయుధాలు, సామగ్రి చూసే దళం) సికింద్రాబాదు, మెడికల్ కోరుకు లక్నో, డీఎస్సీకి (డిఫెన్స్ సెక్యూరిటీ కోరు) కన్ననూరు. వెనకటికి ఈ ఆఫీసులకు మనుషులే వెళ్లేవాళ్లు. కాట్పాడిలో రాత్రిపూట నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మేట్టుపాళయంలో దిగి, కొండెక్కి వెల్లింగ్టన్ చేరిన కొడుకులున్నారు. ఇప్పుడంత దూరం పోవలసిన పనిలేదు. అర్జీ పైన మొదటి పంక్తిలోనే నంబరు, ర్యాంకు, పేరు, ఉంటే డిశ్చార్జి తేదీ ఇంగ్లీషులోనో హిందీలోనో రాసి స్పీడు పోస్టులో పంపితే చాలు. అక్నాలెడ్జిమెంటు కార్డు అంటించిన రిజిస్టరు పోస్టు 2025లో స్పీడు పోస్టులో కలిసిపోయింది. ఆ కార్డు తిరిగొచ్చే రోజు కోసం పోస్టుమ్యాన్ దారి చూసిన అవ్వలకు ఇదొక వెలితే. రసీదు మీది ట్రాకింగు నంబరును మాత్రం జాగ్రత్తగా దాచుకోవాలి.

రికార్డు ఆఫీసు దగ్గర ఏముంటుందో కూడా తెలిసుండాలి. పించను లేకుండా పోయినవాళ్ల సర్వీసు కాగితాలను 25 ఏళ్లు ఉంచి తర్వాత నాశనం చేస్తారు. అది సైన్యం నియమం. కాబట్టి "మా దగ్గర లేవు" అని జవాబు వస్తే అది అబద్ధం కాకపోవచ్చు. కానీ లాంగ్ రోల్ అనే రిజిస్టరు శాశ్వతంగా ఉంటుంది. అందులో ఒక్కో మనిషికి ఒక్కో పంక్తి. ఎప్పుడు చేరాడో, ఎప్పుడు, ఎందుకు బయటికి వచ్చాడో రాసి ఉంటుంది. "లాంగ్ రోల్ నకలు ఇవ్వండి" అని సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి అడగాలి. ఆ ఒక్క పంక్తి కాగితంతో మళ్లీ ప్రాణం పోసుకున్న కేసులున్నాయి.

అన్నిటికన్నా ఎక్కువ కేసులు చిక్కుకునేది పేరు దగ్గర. మన జిల్లాలో మునెమ్మలెందరో అందరికీ తెలుసు. ఊళ్లో మునెమ్మ. రేషన్ కార్డులో మునిఅమ్మ. ఆధార్‌లో మునియమ్మ. రెజిమెంటు సెంటర్లో గుమాస్తా తమిళాయనైతే మునియమ్మాళ్. హిందీ ఆయనైతే వినబడినట్టు ఇంకేదో రాసేసుంటాడు. అదే గుమాస్తా ఇంటిపేరు వెయ్యాల్సిన చోట తండ్రిపేరు వేసి, మొగుడి ఊరిపేరును పుట్టింటి ఊరుగా రాసుంటాడు. ఒక్క అక్షరం తేడాకు పిలుచుకునే పేరేం మారదు, కాగితంలో మాత్రం ఇద్దరు మనుషులైపోతారు. ఇద్దరూ ఒక్కరేనని నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించాలి. అందులో మిలిట్రీ రికార్డులో ఉన్న పేరును అక్షరం పొల్లుపోకుండా ముందు వేసి, ఆధార్‌లో ఉన్న పేరును తర్వాత వెయ్యాలి. ముందుగా రికార్డులో ఏముందో తెలుసుకోకుండా ఊహించి రాస్తే మూడో పేరు పుడుతుంది, అది ఇంకా కష్టం. కాణిపాకం వినాయకుడి ముందు నిలబడి ప్రమాణం చెయ్యడానికి అవ్వ సిద్ధంగానే ఉంటుంది. మన పక్కల దానికి మించిన సాక్ష్యం లేదు. అలహాబాదు పించను ఆఫీసులో కూర్చున్న ఆయనకు మాత్రం స్టాంపు కాగితమే కావాలి.

ఇంతకన్నా చిక్కయింది, పెళ్లే రికార్డులో లేకపోవడం. ఇరవై ఏళ్లు నిండకముందే పోయి పట్టాళంలో చేరాడు, సెలవులో వచ్చి పెళ్లి చేసుకున్నాడు, సెలవు అయిపోగానే వెళ్లిపోయాడు. యూనిట్లో చెబితే పార్ట్ టూ ఆర్డరు అని ఒకటి వేస్తారు. దానితో భార్యపేరు రికార్డుకెక్కుతుంది. చెప్పకపోతే ఆయన కాగితాల్లో ఎప్పటికీ బ్రహ్మచారే, వారసురాలిగా తల్లిపేరే ఉండిపోతుంది. అలాంటప్పుడు పెళ్లినాటి నుంచి ఆమె ఆయన భార్యగా బతికిందని చూపే కాగితాలను ఒకదానిమీద ఒకటి పేర్చుకోవాలి. సచివాలయంలో దరఖాస్తు పెట్టి తహశీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, పాత రేషన్ కార్డు, ఓటరు జాబితా, పిల్లల స్కూలు రికార్డులో తండ్రిపేరు, ఇద్దరూ కలిసి దిగిన ఫోటో. స్టూడియోలో గుడ్డమీద గీసిన తామరకొలను ముందు ఆయన యూనిఫారంలో కూర్చుని, ఆమె తలొంచుకుని పక్కన నిలబడిన ఫోటో ఉందే, అది గోడమీద బొమ్మ మాత్రమే కాదు, అసలైన సాక్ష్యం. దాన్ని ఫ్రేములోంచి తీసి కాపీ తీయించండి, అసలును మాత్రం ఎవరికీ ఇవ్వకండి. ఇద్దరు భార్యలున్న ఇళ్లల్లో చట్టప్రకారం పెళ్లయిన మొదటామెకే పించను. రెండో ఆమెకు రాదు, ఆమె పిల్లలకు మాత్రం వాటా ఉంటుంది. ఈ మాటను ముందే రెండిళ్లవాళ్లనూ కూర్చోబెట్టి చెప్పడం మంచిది. పోటీ అర్జీలు పడితే అవి తేలేదాకా ఎవరికీ రాదు.

మరణ ధృవీకరణ పత్రం ఇంకొక గోడ. ఆయన ఎప్పుడో పంట కోతలప్పుడు పోయాడు, ఎవరూ రాయించలేదు. 21 రోజుల్లో చెబితే ఊరికే రాస్తారు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో వచ్చిన సవరణకు ముందు, చట్టప్రకారం అది ఫస్టుక్లాసు మేజిస్ట్రేటు పని. ఇప్పుడు రెవెన్యూ అధికారుల చేతికి వచ్చింది. ముందుగా పంచాయతీ నుంచి ఆ మరణం నమోదు కాలేదన్న పత్రం తీసుకుని దరఖాస్తుకు జతచెయ్యాలి. ఇక్కడ తేదీ విషయంలో తొందరపడొద్దు. ఆయన అప్పటికే పించను తీసుకుంటూ ఉండి ఉంటే, చివరిసారి డబ్బు తీసిన తేదీకి ముందు చనిపోయినట్టు రాయిస్తే, ఆ మధ్యలో తీసిన సొమ్మంతా వసూలు చేస్తారు. కొందరు కొడుకులు నాయన పోయినాక కూడా మూడు నాలుగు నెలలు ఏటీఎంలో తీసుకుంటారు. ఆ బరువు చివరికి అవ్వ పించను మీదే పడుతుంది.

వెనకటి రోజుల్లో ఇదంతా ట్రెజరీ అరుగుల మీద జరిగేది. నెల మొదట్లో తెల్లచీర కట్టుకున్న ముసలమ్మలు బారుగా కూర్చునేవాళ్లు. పీపీఓ, అంటే పించను చెల్లించమని ఇచ్చే ఉత్తర్వు, రెండు ముక్కలుగా ఉండేది, ఒకటి ఆఫీసుది, ఒకటి పించనుదారుది. గుమాస్తా పేరు పిలిస్తే కొంగుముడి విప్పి తమ ముక్క తీసిచ్చేవాళ్లు. ఊదారంగు ఇంకు ప్యాడుమీద బొటనవేలు అద్ది, కాగితంమీద నొక్కి, ఆ వేలును తలకు రాసుకునేవాళ్లు. సోమవారం చిత్తూరు కలెక్టరాఫీసు చుట్టూ చెట్లకింద టైపుమిషన్లు వరసగా ఉండేవి. "మహారాజశ్రీ కలెక్టరుగారి దివ్యసముఖమునకు" అని మొదలయ్యే అర్జీలో మొత్తం జీవితం ఉండేది, నంబరు మాత్రం ఉండేది కాదు. ఎన్నో అర్జీలు అక్కడే ఆగిపోయాయంటే ఆ నంబరు లేకనే.

కలెక్టరుకు కాదు, ముందు వెళ్లవలసింది చిత్తూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి. అక్కడ రిటైరైన మిలిట్రీవాళ్లే ఉంటారు. అవ్వ చెప్పే మాటల్లో ఏది రెజిమెంటో ఏది ఊరో వాళ్లకు అర్థమవుతుంది. వితంతు గుర్తింపు కార్డు ఇచ్చేది వాళ్లే, రికార్డు ఆఫీసుకు అధికారికంగా రాసేదీ వాళ్లే. వాళ్ల కవరింగు లెటరుతో పోయిన కాగితానికి ఉండే నడక వేరు. అక్కడికి పోయేటప్పుడు డిశ్చార్జి బుక్కు, పీపీఓ ఉంటే పీపీఓ, మరణపత్రం, ఆధార్, పాన్, బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీ, ఫోటోలు తీసుకుపోవాలి. అవ్వ గుర్తుల పత్రం కూడా ఒకటి ఉంటుంది. ఒంటిమీద రెండు పుట్టుమచ్చలు, సంతకం రాకపోతే ఎడమచేతి వేళ్ల ముద్రలు. మళ్లీ పెళ్లి చేసుకోలేదన్న పత్రం మీద 85 ఏళ్ల అవ్వతో వేలిముద్ర వేయించేటప్పుడు ఆమె సిగ్గుపడుతుంది. అదెందుకు అడుగుతారో మర్యాదగా వివరించి చెప్పండి.

ఆయన పీపీఓలో భార్యపేరు కూడా కలిపి ఉంటే పని సులువు. ఆయన పోయిన మరుసటి రోజునుంచే ఆమెకు అర్హత. లేకుంటే రికార్డు ఆఫీసు కాగితాలు తయారుచేసి అలహాబాదుకు, ఇప్పుడు ప్రయాగరాజ్ అంటున్న ఊరికి, పంపాలి. అక్కడి ప్రధాన పించన్ల కంట్రోలరు ఆఫీసే మంజూరు చేసేది. 1964 జనవరి 1కి ముందు రిటైరై పోయినవాళ్ల భార్యలకు సాధారణ కుటుంబ పించను అన్నదే మొదట్లో ఉండేది కాదు. ఆ పథకమే ఆ రోజున పుట్టింది. తర్వాత పాతవాళ్లకూ దాన్ని వర్తింపజేశారు. ఆ సంగతి తెలియక "మీవాడు మరీ పాతోడు" అన్నమాట విని తిరిగొచ్చేసిన అవ్వలు ఎందరో.

ఇప్పుడు అంతా స్పర్శ్‌లో, అంటే రక్షణశాఖ ఆన్‌లైన్ పించను వ్యవస్థలో నడుస్తోంది, 2021నుంచి. పాత పీపీఓ స్థానంలో 12 అంకెల కొత్త నంబరు వస్తుంది. ఇక్కడ మూడు చోట్ల పని చెడుతుంది. మొదటిది ఫోను నంబరు. అవ్వకు ఫోను ఉండదు, మనవడి నంబరు ఇస్తారు. వాడు బెంగుళూరుకు పోయి సిమ్ము మారుస్తాడు, ఓటీపీ ఎక్కడికో పోతుంది. ఊళ్లోనే ఉండే కూతురిదో కోడలిదో ఇవ్వండి. రెండోది పుట్టినతేదీ. దాని కథ కింద చెబుతాను. మూడోది, బతికే ఉన్నానని చూపడానికి ఏడాదికోసారి ఆన్‌లైన్లో ఇచ్చే జీవన్ ప్రమాణ్. మామూలుగా నవంబరులో, 80 దాటినవాళ్లకు అక్టోబరు నుంచే తీసుకుంటారు. నెట్ సెంటరు కుర్రాడు తొందరలో పించను రకం దగ్గర సర్వీసు అని నొక్కుతాడు, ఫ్యామిలీ అని నొక్కాలి. డబ్బు ఇచ్చే సంస్థ దగ్గర బ్యాంకు పేరు పెడతాడు, స్పర్శ్ అని పెట్టాలి. ఆ తప్పుతో రసీదు వస్తుంది, అవ్వ సంతోషంగా ఇంటికి పోతుంది, కొన్నాళ్లకు పించను ఆగిపోతుంది.

వేలిముద్ర సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అరవై ఏళ్లు చింతపండు కొట్టి, చెరుకు నరికి, బెల్లం పొయ్యి దగ్గర నిలబడిన చేతులవి. అద్దంమీద వేలు పెడితే గీతలే పడవు. మిషను ఎర్రలైటు వేస్తుంది, అవ్వ ఇంకా గట్టిగా నొక్కుతుంది. గట్టిగా నొక్కితే ఉన్న గీతలు కూడా చదునైపోతాయి. చేతులు గోరువెచ్చని నీళ్లతో కడిగి, తుడిచి, కాస్త తడి ఉండగానే మెల్లగా ఆనించాలి. బొటనవేలే పెట్టాలని లేదు, చూపుడువేలు కాకపోతే ఉంగరపువేలు. అదీ కాకపోతే కనుపాప, లేదంటే ముఖం చూపించి చేసే పద్ధతి. ఇది 2021 చివర్లో వచ్చింది, మామూలు ఫోనులోనే అవుతుంది. వెలుతురు ముఖంమీద పడేట్టు వాకిట్లో కూర్చోబెట్టండి, చీకటింట్లో కాదు. రెప్ప వెయ్యమన్నప్పుడు కళ్లద్దాలు తీసేసి ఒక్కసారి వేస్తే చాలు. ఇవేవీ కాకపోతే గెజిటెడ్ అధికారి సంతకంతో కాగితంమీద ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్టు ఇంకా చెల్లుతుంది.

ఎంత వస్తుందనేది మరణం ఎలా జరిగిందన్నదాన్ని బట్టి ఉంటుంది. రిటైరై ఇంట్లో పోయిన ఆయన భార్యకు చివరి జీతంలో 30 శాతం, అది సాధారణ కుటుంబ పించను. సర్వీసు వల్ల కలిగిన జబ్బుతోనో ప్రమాదంతోనో పోతే 60 శాతం, యుద్ధంలో పోతే నూరు శాతం. 1965లోనో 1971లోనో భర్తను పోగొట్టుకున్న అవ్వ ఇవాళ తీసుకుంటున్నది వీటిలో ఏదో పీపీఓ చూసి తేల్చుకోవాలి. సాధారణ పించను కనీసం 9,000కు తగ్గదు. ఇది 2016 జనవరి నుంచి. దానికి కరువుభత్యం కలుస్తుంది. వన్ ర్యాంక్ వన్ పెన్షన్ (ఎప్పుడు రిటైరైనా ఒకే ర్యాంకుకు, ఒకే సర్వీసుకు ఒకే పించను) పట్టికలు 2014, 2019, 2024 జూలై 1 తేదీలతో వచ్చాయి, అవి కుటుంబ పించనుకూ వర్తిస్తాయి. పీపీఓలో సర్వీసు సంవత్సరాలు తప్పు పడితే పట్టికలో వరసే మారిపోతుంది కాబట్టి ఆ అంకెను డిశ్చార్జి బుక్కుతో సరిచూడండి.

80 ఏళ్లు నిండిన నెల మొదటి తేదీనుంచి మూలపించనుకు 20 శాతం కలుస్తుంది. 85కు 30, 90కి 40, 95కు 50, నూరేళ్లు నిండితే నూరు శాతం. 9,000 తీసుకునే అవ్వకు 80లో 1,800 కలిసి 10,800 అవుతుంది. 2025 జూలైనాటి 58 శాతం కరువుభత్యం దానిమీద 6,264. మొత్తం 17,064 రూపాయలు. ఇది తనంతట తాను రావాలి, కానీ రికార్డులో అవ్వ పుట్టినతేదీ లేకపోతే రాదు. పాత పీపీఓల్లో చాలావాటిలో అది ఉండదు. ఆధార్‌లో చూస్తే అవ్వ పెద్దకొడుకు కన్నా పదకొండేళ్లే పెద్ద! క్యాంపులో ఎవరో అడిగితే "డెబ్బై రాసుకో నాయినా" అని ఉంటుంది. ఆ మాట ఖరీదు ఎన్ని వేలో ఆమెకెవరు చెప్పారు? పాత ఓటరు కార్డులో ఉన్న వయసు, పిల్లల పుట్టినతేదీలు పక్కపక్కన పెట్టి చూసి, ముందు ఆధార్‌ను సరిచేయించి, తర్వాతే స్పర్శ్‌లో ఎక్కించండి. వరస తప్పితే తప్పుతేదీయే రెండుచోట్లా స్థిరపడిపోతుంది.

పట్టాళం నుంచి వచ్చి ఆర్టీసీలోనో ఇంకో ప్రభుత్వ సంస్థలోనో రెండో ఉద్యోగం చేసిన ఆయన భార్యకు ఒకప్పుడు రెండు పించన్లలో ఏదో ఒకటే ఎంచుకోమనేవాళ్లు. 2012 సెప్టెంబరు 24నుంచి అర్హతను బట్టి రెండూ తీసుకోవచ్చు. అప్పట్లో మిలిట్రీ పించను వద్దని రాసిచ్చిన అవ్వలు ఆ కాగితాన్ని ఇప్పుడు మళ్లీ తిరగెయ్యాలి.

సర్వీసులో ఉండగా పోలేదు, వికలాంగ పించనూ లేదు, 15 ఏళ్లు ఏ లెక్కన చూసినా నిండలేదు అంటే, ఆయన భార్యకు కుటుంబ పించను రాదు. అది దాచకుండా చెప్పాలి. ఆమెకు కేంద్రీయ సైనిక బోర్డు ఇచ్చే పెన్యూరీ గ్రాంటు, అంటే పేదరికంలో ఉన్నవాళ్లకిచ్చే సాయం ఉంది. హవల్దారు ర్యాంకు దాకా, 65 ఏళ్లు దాటి, పించను లేనివాళ్లకు. డిసెంబరు 7న జెండా దినం నాడు మనం చొక్కాకు గుచ్చుకునే చిన్న జెండాకు ఇచ్చే డబ్బు ఇలాంటివాటికే పోతుంది. నెలకు 4,000 ఉండేది, 2025 నవంబరునుంచి పెట్టుకున్న దరఖాస్తులకు 8,000 చేశారు. రెండో ప్రపంచయుద్ధం చేసినవాళ్ల భార్యలకు రాష్ట్రప్రభుత్వం ఇచ్చే నెలసరి సాయం కూడా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారానే వస్తుంది.

ఇదంతా చెప్పినాక కూడా అవ్వ అర్జీ పెట్టడానికి వెనకాడుతుంది. ఒకటో తేదీన వాకిట్లోకి వచ్చి చేతిలో పెట్టే 4,000 వితంతు పించను పోతుందేమోనని ఆమె భయం. 75 రూపాయలు, 200 రూపాయలు అందుకున్న రోజులు ఆమెకు గుర్తున్నాయి, అందుకే ఆ భయం. ఆ భయాన్ని తేలిగ్గా తీసెయ్యొద్దు. ప్రభుత్వ పించను వచ్చేవాళ్లకు వితంతు పించను రాదన్నది నిజమే. కానీ అర్జీ పెట్టినంతమాత్రాన అది ఆగదు. మిలిట్రీ పించను ఖాతాలో పడ్డాక సచివాలయంలో చెప్పి మానిపిస్తే చాలు. రెండూ కలిపి తీసుకుంటే తర్వాత వసూలు చేస్తారు. మధ్యలో వాటా అడిగే ఏజెంట్లు ఎదురవుతారు. బకాయిలో సగం అని స్టాంపు కాగితంమీద వేలిముద్ర వేయించుకుంటారు. ఖాళీ కాగితం మీద, ఖాళీ చెక్కు మీద అవ్వ వేలు పడకూడదు.

పించను మొదలైనాక ఒక పని మిగిలుంటుంది. ఇంట్లో మతిస్థిమితం లేని కొడుకో, నడవలేని బిడ్డో, మొగుడు పోయి పుట్టింట్లో ఉన్న కూతురో ఉంటే, అవ్వ తర్వాత వాళ్లకు అర్హత ఉంటుంది. వికలాంగ బిడ్డకు బతికున్నంతకాలం వస్తుంది. కూతురికి వేరే ఆధారం లేదని చూపాలి. వాళ్ల పేర్లు రికార్డులో లేకపోతే ఎక్కించవలసింది ఇప్పుడే, అవ్వ బతికుండగా, అవ్వ వేలిముద్రతోనే. ఆమె పోయినాక ఆ బిడ్డ ఎవరో చెప్పడానికి మళ్లీ ఇదే పెట్టె దగ్గరికి రావాలి. కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి, నాలుగు వేపాకులు వేసి, పెట్టెలో అడుగున కాకుండా పైన పెట్టండి. మూతమీద పెయింటు పెచ్చులూడుతూ ఉంటుంది. నంబరు పూర్తిగా చెరిగిపోకముందే, పక్కనుంచి వెలుతురు పడేట్టు వాకిట్లోకి లాగి ఒక ఫోటో తియ్యండి, చివరి అక్షరంతో సహా.